చక్రములపై ఇల్లు: ఆల్విన్ బస్సు నుండి నేటి కారవాను వరకు

హైదరాబాదు నగరపు పటము తీసి అందులో బోరబండను గుర్తించండి. దానికి పడమర దిక్కున హైటెక్ సిటీ, తూర్పున సనత్‌నగర్ పారిశ్రామికవాడ, దక్షిణమున యూసుఫ్‌గూడ, కృష్ణానగర్‌లు దాటితే సినిమా స్టూడియోలున్న జూబిలీ హిల్స్ ఉన్నవి. సికింద్రాబాదు నుండి వాడి వైపు పోయే రైలుమార్గము ఈ పేటను ఒరుసుకొని పోతుంది. 2003 నుండి నగరపు లోకల్ రైళ్లు దీనిమీద నడుస్తున్నవి. చక్రములపై ఇల్లు కట్టే విద్యలో తెలుగువారి చరిత్ర చాలావరకు ఈ కొద్ది మైళ్ల ఆవరణలోనే దొరుకుతుంది. తూర్పున బస్సుల బాడీలు కట్టిన కర్మాగారము ఉండేది. దక్షిణమున షూటింగు స్థలములలో నటీనటుల విశ్రాంతి కొరకు కారవానులు నిలిచి ఉంటవి. పడమటి వైపు కార్యాలయములలో పనిచేసేవారిలో, సెలవులకు కుటుంబముతో ఊళ్లు తిరగడానికి అటువంటి వాహనము కొనాలా, వ్యాను కొని కట్టించుకోవాలా అని ఆలోచించేవారు ఇటీవల కనబడుతున్నారు.

కారవాను అనగా మంచము, వంటగట్టు, నీళ్లతొట్టి, స్నానపు గది మొదలైన వాటితో మోటారు ఛాసిస్ మీద కట్టిన ఇల్లు. చెప్పడానికి ఇది సులభముగానే ఉన్నది. కాని ఇల్లు కదలరాదు, బండి నిలవరాదు. ఇంటి గోడ మీద పడే భారము ఎప్పుడును క్రిందికే పనిచేస్తుంది. బండి గోడకు ఆ నియమము లేదు. బ్రేకు వేసినపుడు ముందుకును, మలుపులో ప్రక్కకును, గుంటలో పడినపుడు పైకిని క్రిందికిని అది లాగబడుతుంది. ఒక్క రోజు ప్రయాణములో ఇటువంటి కుదుపులు వేల సంఖ్యలో వస్తవి. రెండు విరుద్ధమైన ధర్మములను ఒకే గూటిలో ఎట్లా ఇమడ్చవచ్చును? ఏ రెండు వాహనములను పోల్చి చూసినా అసలు ప్రశ్న ఇదే. కొనేవాని కంటికి మొదట కనబడేవి అలమారలు, దీపములు, మెత్తటి పరుపులు. బండి ఆయుష్షును నిర్ణయించేవి మాత్రము వాటి వెనుక మూసి ఉన్న ఎముకలు.

ఈ సమస్య మోటారుతో పుట్టినది కాదు. మన గూడుబండిని చూడండి. తుమ్మకర్ర చక్రములు, ఇనుప ఇరుసు, పైన వెదురు దబ్బలు వంచి తడికె కట్టిన గూడు. ఆ గూడు బరువు చాలా తక్కువ. పైగా అది త్రాళ్ల కట్లతో నిలుస్తుంది కనుక బండి మెలి తిరిగినప్పుడు తానును కొంచెము మెలి తిరిగి ఊరుకుంటుంది, విరగదు. చక్రము విషయములో మాత్రము పనితనము వేరు. అక్కడ సందు ఉండరాదు. వడ్రంగి ఆకులను, పూటీలను బిగించిన తరువాత కమ్మరి ఇనుప పట్టాను కొలిమిలో ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు చల్లుతాడు. అయిదడుగుల వ్యాసము గల చక్రానికి పట్టా పొడవు సుమారు 4.8 మీటర్లు. ఇనుము ఒక్క డిగ్రీ వేడికి తన పొడవులో 10 లక్షలకు 12 వంతులు పెరుగుతుంది. 400 డిగ్రీల తేడాకు ఈ పట్టా 23 మిల్లీమీటర్లు, అనగా దాదాపు ఒక అంగుళము పెరుగుతుందన్నమాట. చల్లారినపుడు ఆ అంగుళమంతయు బిగింపుగా మారి కర్రముక్కలను ఒక్కటిగా నొక్కి పట్టుతుంది. ఎక్కడ బిగించవలెనో, ఎక్కడ వదలవలెనో ఆ పల్లెటూరి పనివారికి బాగుగా తెలుసును. తరువాతి కాలపు కొందరు యంత్రకారులు ఈ రెండింటినీ తారుమారు చేసినారు.

17వ శతాబ్దములో గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే, ఈ దేశమున గుర్రములకు బదులు ఎద్దులను బండ్లకు కట్టి దూరప్రయాణములు చేస్తారని వ్రాసినాడు. ధాన్యము, ఉప్పు మోసే ఎద్దుల బిడారులలో పదివేలు, పన్నెండు వేల పశువులు ఒకేసారి కదిలేవట. అంతకు రెండు శతాబ్దముల తరువాత 1830 మే 18న మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు మీదుగా పోయి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చినాడు. ఆయన పల్లకీలో ప్రయాణము చేసినాడు. ఇల్లు డేరాల రూపమున విడిగా వచ్చినది. మంచి దారులు లేనినాడు ఇల్లును బండి మీద పెట్టడము కంటె విప్పి మోయించుకొని పోవడమే తెలివైన పని.

దారులు బాగుపడిన తరువాతనే రెండును కలిసినవి. ఇంగ్లండులో నౌకాదళపు వైద్యుడుగా పనిచేసి రచయిత అయిన గోర్డన్ స్టేబుల్స్, 1885లో బ్రిస్టల్ వ్యాగన్ కర్మాగారమువారు కట్టిన ‘వాండరర్’ అనే ఇంటిబండిలో ఇంగ్లండు దక్షిణభాగము నుండి స్కాట్లండు దాకా ప్రయాణించినాడు. సంచారజాతులవారు చక్రముల ఇళ్లలో అంతకు ముందే కాపురముండేవారు. వినోదము కొరకు అటువంటి బండిని ప్రత్యేకముగా కట్టించుకొన్నవారిలో ఇతనిని మొదటివానిగా చెప్పుకుంటారు. ఖరీదైన మహాగని కర్రతో కట్టిన ఆ బండి బరువు రెండు టన్నులకు దగ్గర. రెండు గుర్రములు లాగవలసి వచ్చేది. సేవకుడొకడు మూడు చక్రాల సైకిలు మీద ముందుగా పోయి దారి ఇరుకా, ఎదురుగా బండ్లు వస్తున్నవా అని చూసి చెప్పేవాడు. ఇంట్లో ఉంటే మంచిదనిపించే ప్రతి వస్తువును దారిలో గుర్రము మోయవలెనన్న సంగతి ఈ బండి తొలినాడే తెలిపినది.

ఇక మన నగరానికి వద్దాము. నిజాం ప్రభుత్వ రైల్వేలో రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభమైనది. ఆనాటి బస్సులు స్కాట్లండుకు చెందిన అల్బియన్ కంపెనీవి. ఇక్కడ విద్యార్థులు ఒక భేదము గ్రహించవలెను. బస్సు అనేది ఒక వస్తువుగా కనిపించినా నిజానికి రెండు వస్తువులు. నిలువునా రెండు బలమైన ఉక్కు దూలములు, వాటిని కలుపుతూ అడ్డకమ్ములు, అనగా ఒక నిచ్చెనను పడుకోబెట్టినట్లుండే ఛాసిస్ మొదటిది. ఇంజను, చక్రములు, స్ప్రింగులు దానికే ఉంటవి. మనుషులు కూర్చునే గూడు, అనగా బాడీ, రెండవది. ఛాసిస్ ఒక ఊళ్లో, బాడీ మరొక ఊళ్లో తయారు కావచ్చును. చాలాకాలము అట్లాగే జరిగినది.

ఈ రెండవ పనిలో హైదరాబాదుకు పేరు తెచ్చినది ఆల్విన్. నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను స్థాపించినవి. సనత్‌నగర్‌లో వెలసిన ఈ కర్మాగారమునుండి ఉక్కు బీరువాలు, బస్సు బాడీలు, తరువాత రిఫ్రిజిరేటర్లు, స్కూటర్లు, గడియారములు వచ్చినవి. నగరపు వీధులలో తిరిగిన రెండంతస్తుల బస్సులకును ఆల్విన్ బాడీలు కట్టినది. 1980ల దశకములో జపాను నిస్సాన్ కంపెనీ సహకారముతో జహీరాబాదు వద్ద తేలికరకము లారీల తయారీ మొదలు పెట్టినారు. అది కొన్ని ఏళ్లకే మహీంద్రా వారి చేతికి పోయినది. తరువాతి దశకములో రిఫ్రిజిరేటర్ల విభాగము వోల్టాస్‌లో కలిసినది. నేడు కంపెనీ లేదు. మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా, కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ పేర్లు మిగిలినవి. ఆ పేర్లు రోజూ పలికే పిల్లలలో అది ఒకనాటి కర్మాగారపు పేరని ఎందరికి తెలుసునో ఉపాధ్యాయులు అడిగి చూడవచ్చును.

బీరువా, రిఫ్రిజిరేటరు, బస్సు ఒకే చూరు క్రింద తయారగుట కాకతాళీయము కాదు. మూడును వంచిన ఉక్కు రేకుల విద్యే. పలుచని రేకును చదునుగా పట్టుకుంటే కాగితమువలె ఊగుతుంది. దాని అంచును మడిచినా, మధ్యలో గాడి కొట్టినా నిటారుగా నిలుస్తుంది. బస్సు ప్రక్కగోడ లోపల మడిచిన ఉక్కు నిలువు కమ్మీలు, అడ్డపట్టీలు, పైకప్పు వంపులు కలిసి పంజరముగా ఏర్పడతవి. రేకు ఆ పంజరానికి చర్మము. రిఫ్రిజిరేటరులోనయితే రెండు రేకుల మధ్య వేడిని ఆపే పదార్థము నింపుతారు. కారవాను కావలెనంటే బస్సు పంజరమునకు రిఫ్రిజిరేటరు గోడను జతచేయవలెను, అందులో బీరువా పనితనము అమర్చవలెను. సనత్‌నగర్‌లో ఈ మూడు విద్యలును ఒక్కచోటనే ఉండినవి. వాటిని కలిపి చక్రములపై ఇళ్లు అమ్ముకునేటంతటి గిరాకీ మాత్రము ఆనాటి దేశములో లేదు.

బాడీని ఛాసిస్‌కు ఎట్లా బిగించినారు అన్నది పరిశీలించవలసిన మొదటి విషయము. వాహనపు ఎడమవైపు ముందు చక్రము స్పీడు బ్రేకరు ఎక్కినదనుకోండి. నిచ్చెనవంటి ఛాసిస్ మెలి తిరుగుతుంది. తిరగడానికే దానిని అట్లా కట్టినారు. పైనున్న గూడు గట్టి పెట్టెవంటిది, అది మెలి తిరగనంటుంది. రెంటినీ బోల్టులతో అన్నిచోట్ల గట్టిగా బిగించితే ఆ పెనుగులాట ఎక్కడో ఒకచోట బయటపడవలెను. సాధారణముగా అది తలుపు, కిటికీల మూలల వద్ద బయటపడుతుంది. పెట్టెకు రంధ్రము చేసినచోట బలము ప్రక్కలకు తొలగి మూలల వద్ద గుమిగూడుతుంది. మూల ఎంత కోసుగా ఉంటే అంత ఎక్కువ గుమిగూడుతుంది. 1954లో కామెట్ అనే జెట్ విమానములు రెండు ఆకాశములోనే విచ్ఛిన్నమైన తరువాత, ఆ జాతి విమానపు గూటిని నీటి తొట్టిలో పెట్టి మాటిమాటికి ఒత్తిడి పెంచి, తగ్గించి పరీక్షించినారు. చివరకు గవాక్షపు మూల వద్ద పగులు పుట్టి గూడు చీలినది. ఆకాశములో ఒత్తిడి చేసిన పనిని రోడ్డు మీద గుంటలు చేస్తవి. ఒకసారి వంచితే విరగని లోహము లక్షసార్లు వంచితే విరుగుతుంది. దీనిని లోహపు అలసట అంటారు.

కనుక ఒక పాత కారవానును చూచునపుడు మొదట తలుపు పై మూలలయందు రంగు చిట్లినదా, సందులలో క్రొత్త మైనము పూసి కప్పినారా అని చూడవలెను. క్రొత్తదయితే గూటికీ ఛాసిస్‌కూ మధ్య ఏమున్నదని అడగవలెను. మంచి పనివారు ఆ రెంటి మధ్య ఒక ఉపచట్రము వేసి, దానిని కొన్నిచోట్ల గట్టిగాను, కొన్నిచోట్ల స్ప్రింగులతో గాని రబ్బరుతో గాని వదులుగాను పట్టిస్తారు. నాలుగు కాళ్ల పీట ఎత్తుపల్లములయందు ఊగుతుంది, మూడు కాళ్ల పీట ఊగదు. ఇదే సూత్రముతో గూటిని మూడు చోట్ల మాత్రమే పట్టి ఉంచే పద్ధతియు ఒకటి ఉన్నది. గూడుబండి మీది త్రాళ్లకట్టు చేసిన పని ఇప్పుడు ఈ స్ప్రింగులు చేస్తున్నవి.

తెలుగునాట బాడీ కట్టే విద్య ఆల్విన్‌తోనే ఆగిపోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల పని ఒక పెద్ద పరిశ్రమగా పెరిగినది. కర్రతో కట్టిన లారీ తొట్టికి ఒక సుగుణమున్నది: అది దెబ్బకు లొంగి మరల లేస్తుంది, చెడిన పలకను ఏ ఊళ్లో అయినా మార్చవచ్చును. కాని కారవానుకు కర్ర పంజరము వేస్తే అది నీటికి దొరికిపోతుంది. తెరచి ఉన్న లారీ తొట్టిలో తడిసిన కర్ర ఎండకు ఆరుతుంది. రెండు రేకుల మధ్య మూసిన కర్ర తడిస్తే ఆరే దారి లేదు. లోపలివారి ఊపిరి తేమ, వంట ఆవిరి కూడ చల్లని రేకు మీద నీరై లోపలికి దిగుతవి. బయటికి నిగనిగలాడే గోడ లోపల పుచ్చిపోయిన సంగతి, దానికి తగిలించిన అలమార మేకులతో సహా ఊడి వచ్చేవరకు తెలియదు. ఉక్కు గొట్టముల పంజరమైనా ఈ ప్రమాదము లేకపోలేదు. గొట్టపు చివరలు మూసినారా, లోపల చేరిన నీరు పోవడానికి అడుగున రంధ్రము ఉన్నదా, వెల్డింగు చేసినచోట కాలిపోయిన జింకు పూతకు బదులు రంగు వేసినారా అన్నవి చిన్న ప్రశ్నలుగా కనబడతవి. పది వర్షకాలముల తరువాత అవే పెద్దవి.

అమెరికాలో ఈ కష్టమును విమాన విద్యతో దాటినారు. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానపు నిర్మాణములో పాల్గొన్న హాలీ బౌలస్, 1934లో అల్యూమినియము రేకులను రివెట్లతో కలిపి గుడ్డు ఆకారములో ఒక ఇంటిబండి కట్టినాడు. ఆ పద్ధతినే పెంచి 1936లో వాలీ బయమ్ ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అనే బండిని అమ్మకానికి తెచ్చినాడు. ఇందులో చర్మమే ఎముకగా కూడ పనిచేస్తుంది. కోడిగ్రుడ్డు పెంకుకు వేరే పంజరము లేదు కదా! ఆకారము గుండ్రముగా ఉండుటచే గాలి నిరోధము కూడ తగ్గినది. జర్మనీలో 1951 నుండి వెస్ట్‌ఫాలియా కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ చిన్న వ్యానులో మంచము, బల్ల అమర్చి వేరొక దారి తొక్కినది. కర్మాగారము కట్టి పరీక్షించిన ఉక్కు గూటిని కోయకుండా అందులోనే సర్దుకొనడము దాని పద్ధతి. మన నగరములో చిన్న కుటుంబము వ్యాను కొని మార్పించుకొనేటపుడు ఈ రెండవ దారియే క్షేమమని చెప్పవచ్చును. పైకప్పు కోసి ఎత్తు పెంచినచో మాత్రము, కోసిన వంపుల బలమును తిరిగి దేనితో భర్తీ చేసినారో చూడవలెను.

అల్యూమినియము తేలిక అని అమ్మేవారు తప్పక చెబుతారు. నిజమే, దాని సాంద్రత 2.7, ఉక్కుది 7.85. కాని దాని బిగువు కూడ ఉక్కులో మూడవ వంతే. ఒకే మందము గల కమ్మీ అయితే ఉక్కు కంటె మూడు రెట్లు వంగుతుంది. తేలికదనపు లాభము ఆకారము మార్చి లోతైన కమ్మీలు వాడినప్పుడే దక్కుతుంది. మరొక సంగతి: అల్యూమినియము, ఉక్కు నేరుగా తాకి, వాటి నడుమ ఉప్పునీరు చేరితే అది చిన్న విద్యుత్ ఘటమే. అందులో అల్యూమినియము కరిగిపోతుంది. హైదరాబాదులో ఏళ్ల తరబడి బాగున్న బాడీ విశాఖ, కాకినాడ తీరములో త్వరగా బొబ్బలెక్కడానికి ఇదొక కారణము. రెండు లోహముల నడుమ రబ్బరుగాని, పూతగాని వేసినారా అని విచారించవలెను.

ఇప్పటి కారవానులలో ఎక్కువగా కనబడేది పొరల గోడ. రెండు పలుచని రేకుల నడుమ నురుగు పలకను అతికించినది. దీని బలము లెక్కవేసి చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. మూడు మిల్లీమీటర్ల రేకు ఒకటి తీసుకోండి. దానినే ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకులు రెండుగా చేసి నడుమ 30 మిల్లీమీటర్ల నురుగు పెట్టండి. లోహపు బరువు పెరగలేదు, కాని వంపుకు ఎదురునిలిచే శక్తి లెక్క ప్రకారము 300 రెట్లకు పైగా పెరుగుతుంది. అయితే ఈ మహిమ అంతయు అతుకులో ఉన్నది. నీరు దిగి రేకు నురుగునుండి విడిపోతే మిగిలేవి రెండు బలహీనమైన రేకులే. కుండ కొనేవారు తట్టి చూసినట్లే ఈ గోడను వ్రేలితో తట్టుతూ పోవలెను. అతుకు విడిచినచోట ధ్వని మారుతుంది. కిటికీల క్రింద, దీపముల చుట్టు, పైకప్పుకు ఏ.సి. యంత్రము తగిలించిన రంధ్రము చుట్టు ముఖ్యముగా తట్టవలెను.

వేసవి విషయములో కూడ ఇటువంటి మోసమే ఉన్నది. మే నెల మధ్యాహ్నము ఎండలో నిలిపిన రేకు కప్పు 60 డిగ్రీలు దాటడము అరుదు కాదు. నురుగు వేడిని బాగుగా ఆపుతుంది. కాని నురుగు పలకల నడుమ లోపలి రేకునుండి బయటి రేకు వరకు పోయే ఉక్కు కమ్మీలుంటే అవి వేడికి వంతెనలు. ఉక్కు నురుగు కంటె వెయ్యి రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఎండలో నిలిపి లోపలి కప్పును చేతితో తడిమితే ఆ కమ్మీలు ఎక్కడెక్కడ ఉన్నవో చారలుగా తెలుస్తవి. ఏ కొలత పరికరమును అవసరము లేని పరీక్ష ఇది.

తెలుగువారందరును ఎరిగిన చక్రముల ఇల్లు ఒకటున్నది. 1982 మార్చి 29న తెలుగుదేశము పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు ఒక పాత షెవర్లె వ్యానును మార్పించి, చైతన్య రథమని పేరిడి రాష్ట్రమంతా తిరిగినారు. ఆయన కుమారుడు హరికృష్ణ దానిని నడిపినారు. పగలు దాని పైకప్పే ప్రసంగవేదిక, దారిలో అదే విశ్రాంతి స్థలము. 1983 జనవరి ఎన్నికల వరకు ఆ బండి నెలల తరబడి, ఆనాటి రోడ్ల మీద నడిచినది. రాజకీయము మన విషయము కాదు. ఒక యంత్రశాస్త్ర విషయము మాత్రము ఇక్కడ చక్కగా చెప్పవచ్చును. కప్పు మీదికి మనుషులు ఎక్కిన కొద్దీ బండి గురుత్వకేంద్రము పైకి పోతుంది. నిలిచి ఉన్నపుడు, మెల్లగా పోవునపుడు చిక్కు లేదు. వేగముగా మలుపు తిరిగినప్పుడే తంటా.

లెక్క చూడండి. ఎడమ, కుడి చక్రముల నడుమ దూరము 1.8 మీటర్లు, గురుత్వకేంద్రము నేలనుండి 1.2 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాము. 50 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో ఈ బండి గంటకు 69 కిలోమీటర్ల వేగము వద్ద ఒరిగి పడే స్థితికి వస్తుంది. పైకప్పు మీద నీళ్లతొట్టి, సోలారు పలకలు, సామాను చేర్చి ఆ కేంద్రమును 1.5 మీటర్లకు లేపితే అది 62 కిలోమీటర్లకే వస్తుంది. నిజానికి స్ప్రింగులు ఒరుగుట వలన ఈ రెండు సంఖ్యలును ఇంకా తగ్గుతవి. లండనులో రెండంతస్తుల బస్సులకు పై అంతస్తులో మాత్రమే బరువు నింపి, క్రింద ఖాళీగా ఉంచి, 28 డిగ్రీల వరకు ప్రక్కకు వంచి చూసే పరీక్ష చాలా కాలమునుండి ఉన్నది. ఇంత ఎత్తైన బస్సు ఎట్లా పడకుండా ఉంటుందని అడిగే పిల్లలకు సమాధానము ఇదే: బరువైన ఇంజను, ఛాసిస్, ఇరుసులు అడుగున ఉన్నవి, పై అంతస్తు ఎక్కువభాగము గాలి.

బరువు ఎత్తే కాక వెనుక ముందులు కూడ చూడవలెను. కారవానులలో స్నానపు గదిని, నీళ్లతొట్టిని చాలామంది వెనుక కొసకు నెట్టుతారు. ముందు, వెనుక ఇరుసుల నడుమ 4 మీటర్లు ఉండి, వెనుక ఇరుసుకు 2 మీటర్ల అవతల 200 లీటర్ల తొట్టి పెట్టినారనుకోండి. ఇది తులాదండపు లెక్క. వెనుక ఇరుసు మీద పడేది 200 కిలోలు కాదు, 300. ముందు ఇరుసునుండి 100 కిలోలు పైకి లేచినవన్నమాట. ముందు చక్రములు తేలికయితే స్టీరింగు పట్టు తగ్గుతుంది. వెనుక కొస ఎంత పొడవు ఉండవచ్చునో మన మోటారు వాహనముల నియమములు హద్దు పెట్టినది ఇందుకే. అది రెండు ఇరుసుల నడుమ దూరములో నూటికి 60 వంతులు మించరాదు. పొడవు హద్దులోనే ఉన్నా బరువు ఎక్కడ పెట్టినారన్నది వేరే విషయము. తొట్టి రెండు ఇరుసుల నడుమ, నేలకు దగ్గరగా ఉండవలెను. లోపల అడ్డుపలకలు లేకపోతే సగము నిండిన తొట్టిలో నీరు బ్రేకు వేసినపుడల్లా ఊగి బండిని ముందుకు త్రోస్తుంది.

ఇంతవరకు చెప్పినవి సొమ్ముకు, సుఖానికి, నడకకు సంబంధించిన సంగతులు. ప్రాణముతో ముడిపడిన విషయము ఇంకొకటి ఉన్నది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగుళూరు నుండి హైదరాబాదు వస్తున్న ఒక ప్రైవేటు ఏ.సి. బస్సు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం గ్రామము వద్ద కల్వర్టును ఢీకొన్నది. ఇంధనపు తొట్టి పగిలి మంటలు లేచినవి. నిద్రలో ఉన్న 45 మంది ఆ గూటిలోనే దగ్ధమైనారు. ఆ రహదారి మీదనే 2025 అక్టోబరులో కర్నూలు సమీపమున మరొక బస్సు అట్లాగే కాలిపోయినది. మూసిన కిటికీలు, మెత్తటి లోపలి సరంజామా, నిద్రించే మనుషులు బస్సులో ఉన్నట్లే కారవానులోను ఉంటవి. అక్కడ లేని గ్యాసు పొయ్యి, పెద్ద బ్యాటరీలు ఇక్కడ అదనము.

కాబట్టి గోడ నురుగు ఏ జాతిదో తెలుసుకొనవలెను. మామూలు పాలిస్టైరీన్ వేడికి కరిగి మండుతుంది, రాతినార మండదు. ప్రధాన ద్వారము కాక రెండవ దారి ఉండవలెను. అది పడుకునే చోటికి దగ్గరగా, లోపలినుండి పనిముట్టు లేకుండా తెరచుకునేదిగా ఉండవలెను. పొయ్యి తలుపు ప్రక్కనే పెట్టిన నమూనాలు అందముగానే ఉంటవి, కాని అక్కడ మంట లేస్తే లోపలివారు దాని మీదుగా పోవలెను. వంటగ్యాసు గాలి కంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువు. కారితే అది పైకి పోదు, నీళ్లవలె నేల మీద పరచుకుంటుంది. అందుచేత సిలిండరు అరకు అడుగున నేలవైపు తెరచి ఉన్న రంధ్రము ఉండితీరవలెను. కప్పుకు గాలి మర ఉన్నది కదా అని దీనిని మూసివేసిన బండ్లు కూడ లేకపోలేదు!

మన దేశములో బస్సు బాడీలకు ఏ.ఐ.ఎస్.-052 అనే ప్రమాణము ఉన్నది. మోటారు కారవానులకు ఏ.ఐ.ఎస్.-124 అనే వేరొక ప్రమాణము ఉన్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారీదారు ఇచ్చిన రూపమును యజమాని ఇష్టము వచ్చినట్లు మార్చరాదని చెబుతుంది. షెడ్డులో కట్టించుకొన్న బండికి కాగితములు ఉన్నవా అన్న ప్రశ్న పన్నులకు, పోలీసులకు సంబంధించినదని కొందరు అనుకుంటారు. ఆ ప్రమాణములు చదివితే వాటిలో సగము పైన చెప్పిన తలుపులు, మంటలు, బరువుల సంగతులే.

చివరి పరీక్షకు ఏ నగరములోనైనా లారీల కాటా చాలును. తొట్లు నింపి, సిలిండరు పెట్టి, ప్రయాణము చేయదలచినవారందరు లోపల కూర్చొని ముందు ఇరుసును విడిగా, వెనుక ఇరుసును విడిగా తూయించవలెను. ఛాసిస్ తయారీదారు ఒక్కొక్క ఇరుసుకు పెట్టిన పరిమితి రేకు మీద చెక్కి ఉంటుంది. దానితో ఈ రెండు అంకెలను పోల్చి చూడవలెను. ఖాళీగా తూచి చూపించేవారు చాలామంది. నింపి తూయనిచ్చేవారు దొరికితే అలమారల రంగుల సంగతి అప్పుడు మాట్లాడుకొనవచ్చును.